అన్యదేశ్యాల వీధిబాట : కల్హేర్ సీమ తెలుగులో ఉర్దూ మాటలు, అమెరికా ఆంగ్లంలో స్పానిష్ మాటలు

తెలుగు పదజాలాన్ని తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు తెగలుగా నిరూపించిన చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. అంతకు పూర్వపు లాక్షణికులలో కొందరు అన్యదేశ్యమనే మరొక భేదాన్ని గుర్తించి, పరసీమల నుంచి తెలుగులో చేరిన మాటలను అందులో నిలిపారు. ఈ విభజనలో ఒక చిక్కు దాగి ఉన్నది. అన్యదేశ్యమనేది మాట పుట్టుకను తెలిపే పేరు. గ్రామ్యమనేది మాటకు సంఘంలో గల మర్యాదను తెలిపే పేరు. ఈ రెండూ ఒకే త్రాసులో తూగే వస్తువులు కావు. ‘దస్తావేజు’ అన్యదేశ్యమే, దానిని గ్రామ్యమని ఎవరూ అనరు, న్యాయస్థానంలోనూ గ్రంథంలోనూ అది నిస్సంకోచంగా చెల్లుతుంది. ‘మస్తు’ కూడా ఆ పారసీక మూలం నుంచి వచ్చినదే. దానిని వ్యాసంలో వ్రాసిన విద్యార్థికి ఉపాధ్యాయుని ఎర్రసిరా గీత తప్పదు. ఒకే ఇంటినుంచి బయలుదేరిన రెండు మాటలలో ఒకటి కచేరీ గద్దె ఎక్కడానికి, రెండవది వీధి అరుగు మీదనే నిలిచిపోవడానికి కారణమేమిటన్నది విచారణీయం.

ఆంగ్లంలో స్లాంగ్ అని వ్యవహరించే పదసముదాయం ఈ రెండవ కోవకు చెందినది. గ్రామ్యమంటే దానికి సరిపోదు. గ్రామ్యం ప్రధానంగా వ్యాకరణ విరుద్ధమైన రూపాన్ని సూచిస్తుంది. ఈ మాటలలో రూపదోషం ఉండనవసరం లేదు. చనువు, చమత్కారం, ఒకింత తెగువ వీటి లక్షణాలు. కనుక వీటిని వీధిమాటలనడం సమంజసం. ఇవి ఇతర భాషల నుంచి చేరే తీరును తెలుసుకోవడానికి అమెరికా ఆంగ్లంలోని స్పానిష్ పదాలు ప్రపంచమంతటా పేరుపడిన ఉదాహరణం. తెలుగునాట అటువంటి ఉదాహరణం కోసం దూరం పోనక్కరలేదు. నారాయణఖేడ్ ప్రాంతంలోని కల్హేర్ చాలు.

కల్హేర్ నేడు సంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రం. తెలుగు, కన్నడ, మరాఠీ సీమలు ఒకదానినొకటి ఒరుసుకొనే మంజీరా పరీవాహకంలో ఉన్నది. నారాయణఖేడ్ తాలూకా 1956 వరకు హైదరాబాద్ రాజ్యంలోని బీదర్ జిల్లాకు చెందినది. ఆ సంవత్సరపు రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం బీదర్ పట్టణాన్ని మైసూరు రాష్ట్రానికి కేటాయించి, నారాయణఖేడ్ తాలూకాను, బీదర్ తాలూకాలోని న్యాల్కల్ సర్కిల్‌ను, నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాద్ తాలూకాను తెలుగు రాష్ట్రంలో కలిపింది. ఆ విధంగా ఈ సీమ మెదక్ జిల్లాలో చేరింది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి మారింది. ఏలుబడి గీతలు ఇన్నిమార్లు మారినా ఊరివారి సంతలు, వియ్యాలు, కొలువులు పాత దారులనే నడిచాయి. తాలూకా పేరులోని ‘ఖేడ్’ అన్న తుదిపదమే ఈ కూడలికి సాక్ష్యం. సంస్కృతంలో సేద్యగాండ్ర పల్లెకు ‘ఖేట’మని పేరు. దాని ప్రాకృత రూపం ‘ఖేడ’ మరాఠీలో పల్లెపేర్లకు విస్తారంగా అంటుకున్నది. తెలుగు పలుకుబడిలో ఆ సాధారణ పదమే విశేషనామమై, నారాయణఖేడ్‌ను స్థానికులు ‘ఖేడ్’ అనే ముక్తసరిగా అంటారు.

బీదర్ 15వ శతాబ్దిలో బహమనీల రాజధాని. దక్కనీ భాషలో మనకు లభించే తొలి దీర్ఘకావ్యంగా పండితులు పేర్కొనే నిజామీ రచన ‘కదంరావ్ పదంరావ్’ ఆ నగరపు ఆస్థానచ్ఛాయలోనే పుట్టింది. ఇక్కడ ఒక భేదాన్ని గట్టిగా పట్టుకోవాలి. తెలంగాణపు తెలుగు మీద ఉర్దూ ప్రభావమని మనం ఒక్కమాటలో తేల్చివేసేది నిజానికి రెండు వేరువేరు ప్రభావాలు. ఒకటి సర్కారీ కాగితాల భాష: మొదట పారసీకం, 1880ల తరువాత ఉర్దూ. రెండవది సంతలో, సరాయిలో, బండిబాటలో వినవచ్చే దక్కనీ. మొదటిది మున్షీ కలం ద్వారా వచ్చింది. రెండవది చెవి ద్వారా వచ్చింది.

కలం ద్వారా వచ్చిన మాటలు తెలంగాణకే పరిమితం కావు. జిల్లా, తాలూకా, వకీలు, దరఖాస్తు, హాజరు, జప్తు, ఖరీదు, కాగితం మొదలైనవి గోదావరి తీరం నుంచి నెల్లూరి దాకా చెల్లుబాటైనవే. గోలకొండ కుతుబ్‌షాహీల పాలన, ఆ తరువాత ఆర్కాటు నవాబుల అధికారం, వారి వద్దనుంచి పద్ధతులను అందిపుచ్చుకున్న కుంపిణీ కచేరీలు వీటిని వ్యాపింపజేశాయి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1852లో జిల్లా నిఘంటువును, 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించవలసి రావడమే వీటి విస్తృతిని తెలుపుతున్నది. వ్యవహారం నడవాలంటే తెలుగు వచ్చిన దొరకు కూడా ఈ మాటల అర్థాలు తెలియవలసి వచ్చింది. ఇటువంటి పదాలకు ఆయుర్దాయమూ ఎక్కువే. 1985లో మండల వ్యవస్థ వచ్చి అరబ్బీ మూలపు ‘తాలూకా’ను తొలగించి సంస్కృత పదాన్ని నిలిపింది, కొన్నేండ్లకు మండలాధికారి తిరిగి తహసీల్దారు అయినాడు. ఇవి ఈ వ్యాసానికి ప్రధానవిషయం కావు. చెవి ద్వారా వచ్చినవే విచారణీయాలు.

అమెరికాలో జరిగినది స్థూలంగా ఇది. 1846–48 యుద్ధానంతరం గ్వాదలూపే హిదాల్గో సంధి వలన మెక్సికో ఉత్తరభాగమంతా అమెరికా సంయుక్త రాష్ట్రాల వశమైంది. టెక్సస్ 1845లోనే చేరిపోయింది. భూమి చేతులు మారింది గాని దాని మీద పశువులను మేపే విద్య మెక్సికో గోపాలకుల చేతిలోనే ఉన్నది. గుర్రమెక్కి మందలను తోలడం, ఉచ్చుత్రాడు విసరడం, జీను బిగించడం వారివద్దనే ఆంగ్లభాషులు నేర్చుకున్నారు. విద్యతోపాటు మాటలూ వచ్చాయి. అంతర్యుద్ధం ముగిసిన పిదప టెక్సస్ నుంచి కాన్సస్ రైలుకేంద్రాల వరకు మందలను తోలిన రెండు దశాబ్దాలు ఆ మాటలను దేశమంతా చల్లాయి. హెచ్.ఎల్.మెంకెన్ 1919 నాటి ‘ది అమెరికన్ లాంగ్వేజ్’లో వీటిని ప్రస్తావించినాడు, హెరాల్డ్ బెంట్లీ 1932లో ఆంగ్లంలోని స్పానిష్ పదాలకు ప్రత్యేక నిఘంటువునే కూర్చినాడు. ఆ మాటలను తెచ్చినవారు చాలవరకు స్పానిష్ చదువనూ వ్రాయనూ రానివారు. ఈ సంగతే వాటి రూపాలను నిర్ణయించింది.

వినికిడి దారి

చదివి నేర్చినవాడు పదాల మధ్య ఎడం ఎక్కడున్నదో ఎరుగును. విని నేర్చినవాడు ఎరుగడు. ఉచ్చుత్రాడును స్పానిష్‌లో ‘రియాతా’ అంటారు. దాని ముందు ‘లా’ అనే ఉపపదం చేరుతుంది. ఆంగ్లం ఆ రెంటినీ కలిపి ఒకే ముద్దగా మింగి ‘లారియట్’ చేసింది. అంతకు చాలాముందే ‘ఎల్ లగార్తో’, అనగా బల్లి, అన్నది ‘అలిగేటర్’ అనే మొసలి అయినది ఈ వరుసలోనే. ‘వామోస్’ స్పానిష్‌లో ‘పోదాం’ అనే ఉత్తమపురుష బహువచన క్రియారూపం. ఆంగ్లంలో అది ‘వమూస్’ అనే ధాతువై, ఉడాయించడమనే అర్థాన్ని పొంది, భూతకాల ప్రత్యయాన్ని కూడా తగిలించుకున్నది. ‘పోదాం’ అన్న రూపాన్ని ధాతువుగా చేసి ‘పోదామించినాడు’ అన్నట్లున్నది ఆ వింత.

తెలంగాణపు వాడుకలో దీనికి సాటిరాగల మాట ‘బాజాప్తు’. పారసీక వ్యవహారంలో ‘బా’ అంటే తోడి, ‘జాబితా’ అంటే నియమం. నియమానుసారంగా అని అర్థమిచ్చే ఈ సమాసం సర్కారీ ఉత్తర్వుల భాష. ఊరివాని చెవికి అందులో రెండు పదాలు లేవు. మధ్యనున్న హ్రస్వాచ్చు జారిపోయి, బకారం పరుషమై, చివర ఉకారం చేరి ‘బాజాప్తు’ అయింది. ‘బరాబర్’ కూడా ఇటువంటిదే. పారసీకంలో ‘బర్’ అంటే రొమ్ము. రొమ్ముకు రొమ్ము ఎదురుగా నిలిచినదని మూలార్థం, అక్కడినుంచి సమానమని, సరి అని. తెలంగాణలో ‘బరాబర్ వస్త’ అన్నప్పుడు సమానత్వపు ఊసే లేదు. తప్పక వస్తానన్న నిశ్చయం మాత్రం ఉన్నది.

ధ్వనుల విషయంలో తెలుగు తన నియమాలను సడలించుకోలేదు. హల్లుతో ముగిసే పదానికి అజంతత్వం కల్పించడం తెలుగు స్వభావం. దోస్త్ ‘దోస్తు’ అయింది. యాద్ ‘యాది’ అయింది, ఇజ్జత్ ‘ఇజ్జతి’ అయింది. గొంతు లోతునుంచి పలికే ఖకారం పల్లె నోట కకారమైంది. ఫకారం పకారమై ‘ఫికర్’ను ‘పికరు’ చేసింది. ఒక ధ్వనికి మాత్రం తెలుగింట సిద్ధంగా చోటు దొరికింది. ఉర్దూలోని ఊష్మ జకారం భారతీయ భాషలలో అనేకం తాలవ్య జకారంగా మార్చుకున్నాయి. తెలుగులో అకార ఉకారాదుల ముందు దంత్య జకారం సహజం గనుక ‘జర’, ‘మజా’ వంటివి మూలానికి మిక్కిలి దగ్గరగా పలుకబడుతున్నాయి. ‘జర ఆగు’ అన్నమాటలోని ‘జర’కు మూలం అణువును సూచించే అరబ్బీ పదమని తెలిస్తే, వ్యాకరణశాల గోడ అవతల వైశేషికమతం నడుస్తున్నదేమో అనిపించక మానదు.

క్రియల సంగతి మరింత స్పష్టం. హిందుస్తానీ ప్రేరణార్థక ధాతువుల చివరి ఆకారానికి ‘ఇంచు’ చేరగా దబాయించు, చలాయించు, బనాయించు, జమాయించు వంటివి ఏర్పడ్డాయి. ధాతువు అన్యదేశ్యం, ప్రత్యయం తెలుగు. ఆపైన వచ్చే కాలబోధకాలు, పురుషప్రత్యయాలు అన్నీ తెలుగే. దక్కనీలో అమాయకునికి చెల్లే ‘హౌలా’కు తెలుగు ‘గాడు’ చేరి ‘హౌలాగాడు’ పుట్టడం కూడా ఈ పద్ధతిలోనిదే. మాట అతిథి, వంట ఇంటివారిది.

ఆంగ్లపదాలు సైతం ఈ సీమకు కొన్ని ఉర్దూ ముఖంగా చేరాయి. ‘ఇస్కూలు’, ‘ఇస్టేషను’ అన్న రూపాలలోని ఆద్య ఇకారం ఆంగ్లానిది కాదు, నేరుగా తెలుగు కల్పించుకున్నదీ కాదు. పదాది సంయుక్తాక్షరానికి ముందు అచ్చును నిలిపే ఉర్దూ అలవాటు అది. లాంతరును ‘లాల్టీన్’ అనడమూ అంతే.

అర్థాలు జారే తీరు

రూపం కన్న అర్థంలోనే వీధిమాట తన గుణాన్ని చూపుతుంది. అమెరికాలో కారాగారానికి ‘హూస్‌గవ్’ అని ఒక వీధిపేరు. దీని మూలం ‘హుస్గాదో’, న్యాయస్థానమని అర్థం. మెక్సికో జనవ్యవహారంలో పదాంతపు దకారం లోపించి ‘హుస్గావో’ వంటి ఉచ్చారణ ఏర్పడగా, దానిని విన్న ఆంగ్లభాషులు 20వ శతాబ్ది ఆరంభం నాటికి ఈ రూపాన్ని నిలిపారు. న్యాయస్థానం చెరసాల ఎందుకైంది? ఆ భవనంలోనికి తమ కాళ్లతో పోయి తీర్పు చదువుకొన్నవారు కాదు ఆ మాటను తెచ్చినది, లోపలికి ఈడ్వబడినవారు. వారికి అక్కడ కనిపించినది గది, గడియ. చెరకు ‘కాలబూస్’ అనే మరొక పేరు స్పానిష్ ‘కాలబోసో’ నుంచి లూసియానా ఫ్రెంచి మీదుగా వచ్చింది. మూలంలో అది చీకటికొట్టు కనుక అర్థం పెద్దగా జారలేదు.

‘బాజాప్తు’ నడిచిన దారి దీనికి ఎదురు. చట్టప్రకారమన్న ఉత్తర్వుల మాట ఊరిలో ‘దర్జాగా, బాహాటంగా, ఎవరికీ వెరవక’ అన్న అర్థాన్ని సంపాదించింది. ‘బాజాప్తు అడుగుత’ అన్నవాడు ఏ చట్టాన్నీ చదివి ఉండడు. హక్కున్నదన్న తెంపు మాత్రం వానికి ఉన్నది. సర్కారు తన ఆజ్ఞకు బలంగా వాడిన మాటను ఊరివాడు తన ధిక్కారానికి బలంగా వాడుకున్నాడు. పాలితుల భాష పాలకుల భాషలో చేరిన అమెరికాలో మాట గౌరవాన్ని కోల్పోయి చెరసాల అయింది. పాలకుల భాష పాలితుల నోట చేరిన తెలంగాణలో మాట అధికారాన్ని చేయి మార్చింది. రెండుచోట్లా సరిహద్దే, రెండుచోట్లా చెవిదారియే. అధికారం ఎటునుంచి ఎటు పారుతున్నదన్న దానిని బట్టి అర్థం వేరువేరు పల్లాలకు జారింది. పదాల పుట్టుకను మాత్రమే చెప్పి ఊరుకునే నిఘంటువులు ఈ సంగతిని పట్టుకోలేవు.

‘మస్తు’ పారసీకంలో మదమత్తునికి పేరు. మదించిన ఏనుగుకూ, సూఫీ కవితలో దైవోన్మత్తునికీ అది విశేషణం. తెలంగాణలో అది పరిమాణవాచకమైంది. ‘మస్తు పైసలు’, ‘మస్తు వాన’ అన్నప్పుడు మత్తు లేదు, మితిమీరడం మాత్రం మిగిలింది. ‘ఖతర్నాక్’ అంటే ప్రమాదకరం. నేటి యువజనుల నోట అది ప్రశంస. భయపెట్టేది మెచ్చదగినదవడం వీధిమాటలకు సర్వసాధారణమైన నడక. ‘సవాలు’ మూలంలో ప్రశ్న. తెలుగులో అది పోటీకి పిలుపు. ఈ అర్థం తెలుగుదేశమంతటా స్థిరపడి, వీధి నుంచి పత్రికల శీర్షికలదాకా ఎక్కింది.

అన్ని జారుళ్లనూ తెలుగు ఖాతాలో వ్రాయరాదు. ‘దిమాకు’ అంటే మెదడు గనుక, ‘దిమాకు చూపుతున్నడు’ అన్నప్పటి గర్వమనే అర్థం తెలుగువారి కల్పన అని తోస్తుంది. కాని ఉర్దూలోనే ఆ పదానికి పొగరన్న ఛాయ ఉన్నది. ‘గలీజు’ అరబ్బీలో దట్టమైనది, చిక్కనిది. రోత అన్న అర్థం ఉర్దూలోనే కుదురుకొని తరువాత ఇటు వచ్చింది. అర్థపరిణామం ఎక్కడ జరిగిందో నిర్ణయించడానికి మూలభాషను చూస్తే చాలదు, నడుమ దాటివచ్చిన భాషను కూడా చూడాలి. స్పానిష్‌లో గుర్రపు నడుంపట్టీకి ‘సించా’ అని పేరు. ఆంగ్లంలో ‘సించ్’ అంటే చేతికి అందిన పని, తిరుగులేని గెలుపు. ఇక్కడ మాత్రం మార్పు ఆంగ్లంలోనే జరిగింది. పట్టీ బిగిస్తే జీను కదలదన్న గోపాలకుని అనుభవం దానికి ఆధారం.

వ్యుత్పత్తి చెప్పేవారికి ఈ రంగంలో ఉరులు అనేకం. మెక్సికోలో అమెరికావారిని ‘గ్రింగో’ అంటారు. ఆంగ్లంలోనూ ఆ మాట చేరింది. 1846 యుద్ధంలో అమెరికా సైనికులు పాడిన ఒక పాటలోని మొదటి రెండు మాటలు విని మెక్సికోవారు ఆ పేరు పెట్టారని ఒక కథ బాగా వ్యాపించింది. కథ రమ్యం, కాని చెల్లదు. ఆ యుద్ధానికి అరవై ఏండ్లకు ముందే, 18వ శతాబ్ది చివరలో, స్పెయిన్ దేశపు నిఘంటువులో ఆ మాట ఉన్నది. ‘గ్రీకు’ అన్న పదమే అర్థంకాని భాష మాట్లాడేవానికి పేరుగా మారిందన్నది పండితులలో ఎక్కువమంది అంగీకరించే వ్యుత్పత్తి. ‘డెస్పరాడో’ మరీ విచిత్రం: స్పానిష్ వేషం వేసుకున్న ఆంగ్లపదం. 17వ శతాబ్దిలో ఆంగ్లేయులే తమ పదానికి స్పానిష్ తోక తగిలించి దానిని సృష్టించుకున్నారు.

తెలుగులోనూ ఇటువంటి భ్రమలకు లోటు లేదు. ‘పైలం’ అన్నమాట తెలంగాణలో మాత్రమే వినిపిస్తుంది గనుక ఉర్దూ అయి ఉంటుందని ఇతర ప్రాంతాలవారు భావించడం కద్దు. అది ‘పదిలం’ అన్న అచ్చతెలుగు మాట. దకారం యకారమై ‘పయిలం’, ‘పైలం’ అయింది. ఇందుకు విపర్యయంగా, విద్వాంసులు పరభాషా పదానికి సంస్కృత వేషం వేసిన సందర్భం ఒకటి ప్రసిద్ధం. సుల్తాన్ అన్న బిరుదు విజయనగర శాసనాలలో ‘సురత్రాణ’ అయింది. దేవతలను రక్షించేవాడని దానికి విగ్రహవాక్యం కూడా కుదిరింది. పల్లెవాడు పరాయి మాటను తన నాలుకకు దిద్దుకుంటే గ్రామ్యమయింది. పండితుడు తన శాస్త్రానికి దిద్దుకుంటే బిరుదయింది. చేసినపని ఇద్దరిదీ ఒకటే.

తౌరక్యాంధ్రమన్న నింద

ఇంతవరకు చెప్పినది భాషాశాస్త్ర విషయం. దీనికి సంఘపక్షం ఒకటి ఉన్నది, అది ఇంత తేలికైనది కాదు. అమెరికాలో స్పానిష్ రానివారు వేళాకోళానికి ఆంగ్లపదాల చివర స్పానిష్ తోకలు తగిలించి మాట్లాడే అలవాటు ఉన్నది. ‘నో ప్రాబ్లెమో’ అన్నది అందరూ ఎరిగిన ఉదాహరణం. స్పానిష్‌లో ఆ రూపమే లేదు. అరిజోనా విశ్వవిద్యాలయపు మానవశాస్త్రవేత్త జేన్ హిల్ 1990లలో దీనిని సమీక్షించి, హాస్యంగా కనిపించే ఈ వాడుకలో ఆ భాషీయుల మీద చిన్నచూపు దాగి ఉన్నదని ప్రతిపాదించింది. ఆమె వాదం ప్రకారం వినేవాడు నవ్వాలంటే స్పానిష్ మాట్లాడేవారిని సోమరులుగా, చవుకమనుషులుగా తలచే అభిప్రాయం వాని మనసులో ముందే ఉండాలి. అందరూ ఈ వాదాన్ని అంగీకరించలేదు. అయినా వీధిమాట ఎవరి ఖర్చు మీద నవ్విస్తున్నదన్న ప్రశ్నను ఆమె తప్పించుకోలేనిదిగా చేసింది.

తెలంగాణలో ఈ ప్రశ్న తలక్రిందులుగా ఎదురవుతుంది. ఇక్కడ వెక్కిరింతకు గురైనది మాట ఇచ్చిన భాష కాదు, పుచ్చుకున్న జనం. ఉర్దూ మాటలు కలిసిన తెలుగును ‘తౌరక్యాంధ్రం’ అని ఎత్తిపొడవడం, ఆ యాసను చలనచిత్రాలలో ప్రతినాయకులకూ విదూషకులకూ మాత్రమే కేటాయించడం దీర్ఘకాలం సాగింది. ఎత్తిపొడిచినవారు కచేరీలో హాజరై, వకీలును పెట్టుకొని, దస్తావేజు దాఖలు చేసి వచ్చినవారే. వారి పారసీకం కలం ద్వారా రావడం వలన వారికి తెలుగుగా కనిపించింది. ఇతరుల పారసీకం చెవి ద్వారా రావడం వలన తురకమాటగా వినిపించింది. ఇంతకుమించిన శాస్త్రీయాధారం ఆ నిందకు కనిపించదు.

ఈ సందర్భంలో ఆ పూర్వపు మెదక్ జిల్లాకే చెందిన ఒక సంగతిని తలచుకోవడం అప్రస్తుతం కాదు. అచ్చతెలుగు కావ్యాలలో మొదటిదిగా ప్రసిద్ధి చెందిన పొన్నిగంటి తెలగన ‘యయాతిచరిత్రము’ 16వ శతాబ్దిలో, మల్కిభరాముడని తెలుగుకవులు కొనియాడిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, పటాన్‌చెరు అధికారి అమీన్‌ఖానుకు అంకితమైంది. తత్సమాన్ని సైతం దరిజేరనీయని కావ్యానికి కృతిపతి ఒక ఖాను. తెలుగు శుద్ధిని గురించిన పట్టుదలకూ ఉర్దూ, పారసీకాలతో చెలిమికీ ఆనాడు వైరం లేదనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

కల్హేర్ వంటి చోట్ల భాషల రాకపోకలు ఏకముఖంగా ఉండవు. ఇందుకు దక్కనీయే నిదర్శనం. వద్దు అనడానికి దక్కనీవారు వాడే ‘నక్కో’ మరాఠీ ‘నకో’. మాటకు ఒత్తు ఇవ్వడానికి చివర చేర్చే చకారమూ మరాఠీదే. తెలుగులో చెప్పినమాటను ముగించడానికి ‘అని’ వస్తుంది. దక్కనీలో సరిగా ఆ స్థానంలో ‘బోల్కే’ వస్తుంది. ఉత్తరాది ఉర్దూలో ఈ నిర్మాణం లేదు. దక్కనీ వాక్యనిర్మాణం ద్రావిడభాషల వైపు ఎంతగా ఒరిగిందో హర్బీర్ అరోరా, కె.వి.సుబ్బారావుల పరిశీలనలు నిరూపించాయి. అంటే తెలుగు దక్కనీకి వాక్యాన్ని ఇచ్చి, దానినుంచి పదాలను పుచ్చుకున్నది.

ఇటువంటి కూడలి గ్రామాన్ని గురించిన ప్రసిద్ధ పరిశోధన ఒకటి మహారాష్ట్రలోని కుప్వాడ్ మీద జరిగింది. గంపర్జ్, విల్సన్ 1971లో ప్రకటించిన ఆ పరిశీలన ప్రకారం, అక్కడి కన్నడ, మరాఠీ, ఉర్దూ భాషల వ్యాకరణాలు శతాబ్దాల సహవాసంలో దాదాపు ఒకటే అయినా, ఆయా కులాలవారు తమ పదాలను మాత్రం వేరుగా కాపాడుకున్నారు; ఎవరు ఏ ఇంటివారో మాట తెలుపుతుంది గనుక. తెలంగాణపు తెలుగులో కథ భిన్నంగా నడిచింది. వ్యాకరణం చెక్కుచెదరలేదు, పదాలకు తలుపులు తెరచి ఉన్నాయి. ఉర్దూ రాని కాపు, కుమ్మరి, సాలె ఇండ్లలోనూ ‘యాది’, ‘జర’, ‘ఇజ్జతి’ నిత్యవ్యవహారాలు. ఈ భేదానికి కారణాన్ని జనసంఖ్యలోనూ, పాలకభాష హోదాలోనూ వెదకవలసి ఉన్నది.

నిఘంటుకారుల దృష్టి ఈ వైపు ఆలస్యంగానైనా మళ్లింది. రవ్వా శ్రీహరి నల్లగొండ జిల్లా ప్రజల భాషను పరిశీలించి, తెలంగాణ మాండలికాలకు ప్రాచీన కావ్యప్రయోగాలను చూపి, గ్రామ్యమని త్రోసివేసిన మాటలలో అనేకం కవుల నోట వెలసినవేనని నిరూపించినారు. నలిమెల భాస్కర్ ‘తెలంగాణ పదకోశం’ కూర్చినారు. వీటి తరువాత కావలసినది, ఒక్కొక్క అన్యదేశ్యానికి మూలభాషతో పాటు అది వచ్చిన దారిని, అనగా కాగితమా, సంతయా, దక్కనీయా, మరాఠీయా అన్నదానిని, విడిగా నిర్దేశించే కోశం. ‘గమ్మత్తు’కు మరాఠీ ‘గంమత్’ను చూపడం సులువు. ‘బాజు’ను ఎక్కడ నిలపాలి? పారసీకంలో అది భుజం, మరాఠీలో ప్రక్క. కల్హేర్‌లో ‘ఇంటి బాజుకు’ అన్నప్పుడు ప్రక్క అన్న అర్థమే ఉన్నది. ఉర్దూ ఆరోపమని వ్రాస్తే పుట్టుక ఒప్పవుతుంది, దారి తప్పవుతుంది.

వీధిమాట వీధిలోనే ఉండిపోవాలన్న నియమమేమీ లేదు. అమెరికాలో పశుపాలకుల మాట అయిన ‘రాంచ్’ నేడు రిజిస్ట్రీ పత్రాలలో ఉన్నది. గోపాలకుని ‘వకేరో’ నుంచి వచ్చిన ‘బకరూ’ మాత్రం పిల్లలను ముద్దుగా పిలిచే మాటగా మిగిలింది. తెలుగులో ఉర్దూ, తెలుగు సాహిత్యాలు రెంటా నిష్ణాతులైన సామల సదాశివ తన జ్ఞాపకాల గ్రంథానికి పెట్టిన పేరు ‘యాది’. జ్ఞాపకం, స్మృతి, తలపు అనే మూడు మాటలు చేతిలో ఉండగా ఆయన వాటిని కాదని దానిని ఎన్నుకున్నారు.